తుప్పు తుడవొద్దన్న గిటారు

తిమోతి గారు మా ఇంటికి టేపు పట్టుకుని వచ్చారు. దర్జీలు మెడలో వేసుకునే టేపు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, చేతికర్ర టకటకలాడించుకుంటూ డైరీ ఫార్మ్ అనే మా పేటలో మా ఇంటి మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీరకముందే, గోడకి వేలాడుతున్న మా అన్నయ్య గిటారుకి కొలతలు తియ్యడం మొదలుపెట్టారు. తల నుంచి అడుగు దాకా ఒకటి, భుజాల దగ్గర వెడల్పు ఒకటి, మందం ఒకటి. చచ్చిపోయినవాడికి పెట్టె చేయించేటప్పుడు వడ్రంగి ఎలా కొలుస్తాడో అచ్చం అలాగే, పెదవులు కదుపుతూ కొలిచారు. ఆ ఇంట్లో నేనొకణ్ణి ఉన్నాననీ, ఆ గిటారు నా గోడకి ఉందనీ ఆయనకి గుర్తులేదు. "ఇదేటి తిమోతి గారూ?" అన్నాను. "అద్దాల బీరువా, ప్రకాశం. మన సంఘం కొత్త మందిరంలో వాకిలి పక్కన పెడతన్నాం. సునామీ మింగలేకపోయిన గిటారు అని పలక మీద చెక్కిస్తన్నాం. ప్రతిష్ఠ పై ఆదివారం కాక ఆపై ఆదివారం. నువ్వు ఒక్క పని చెయ్యి, దాన్ని ముట్టుకోకు. తుప్పు తుడవొద్దు. తుప్పే సాక్ష్యం," అన్నారు. టీ పుచ్చుకోకుండానే వెళ్లిపోయారు.

ఆయన మెట్లు దిగుతుండగానే రూతు ఎక్కింది. రూతు మా అన్నయ్య యోహాను కూతురు. ఈ ఊళ్లోనే ఆస్టినాబాద్‌లో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు, నలభై దాటింది. డ్యూటీ బట్టల్లోనే వచ్చి, చెన్నై నుంచి పోస్టులో వచ్చిన పొట్లం నా మంచం మీద విప్పింది. తీగలు బిగించే మరలు, మనవాళ్లు వీణకి బిరడాలంటారే అవి, ఆరు. తీగ కదలికని కరెంటుగా మార్చే ముక్క ఒకటి, దాన్ని పికప్ అంటారు. వైరు గుచ్చే సాకెట్టు ఒకటి. అన్నీ తళతళలాడుతున్నాయి. "గుస్సా మత్ హోనా చిన్నాన్నా, కోప్పడకుండా ముందు చూడు. ఇవి మూడూ మార్చేస్తే బస్, నాన్న గిటారు మోగుద్ది. ప్రతిష్ఠకి నేను వాయిస్తాను. బిరడాల కన్నాలు కొంచెం పెద్దవి చెయ్యాలి, పికప్ గాడి ఒక పక్క కొంచెం కొయ్యాలి. అంతే." అంతేనట. నేను తిమోతి గారి మీద అరవాల్సిన అరుపులన్నీ రూతు మీద అరిచాను. మీ నాన్న ఉలి పడిన చోట నువ్వు డ్రిల్లు పెడతావా అన్నాను. ఇరవయ్యేళ్లుగా ఆ గిటారుకి ఒక్క మర కూడా విప్పనివ్వలేదు నేను. రూతు పొట్లం తీసుకోకుండా వెళ్లింది.

ఒకడు తుప్పు తుడవొద్దంటాడు. ఒకత్తె తుప్పే ఉండొద్దంటుంది. ఆ గిటారు ఎలా పుట్టిందో ఈ ఇద్దరికీ తెలియదు. తెలిసినవాళ్లలో మిగిలినవాణ్ణి నేనే, కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు మేం హార్బరు అవతలి ఒడ్డున హోప్ టౌన్‌లో ఉండేవాళ్లం. నాన్న పొద్దున్నే పడవ ఎక్కి హార్బరు దాటి కర్ర మిల్లుకి వెళ్లేవాడు. మిల్లులో కోసేది ఎక్కువగా పడౌక్. ఈ అండమాను దీవుల్లో పెరిగే ఎర్ర కర్ర, ఇనుమంత గట్టిది. దాని పొట్టు చెమటతో కలిస్తే ఒళ్లంతా ఎర్రబడుతుంది. సాయంత్రం నాన్న పడవ దిగి వస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బలు తగిలిన మనిషనుకుని పక్కకి తప్పుకునేవాళ్లు. పెరట్లో ఆయన స్నానం చేస్తే కాలువ ఎర్రగా పారేది, అమ్మ ఆ నీళ్లు అరటిచెట్లకి మళ్లించేది. పొయ్యిలో కాలేది కూడా పడౌక్ ముక్కలే, అందుకని మా ఇంట్లో అన్నానికీ చేపల పులుసుకీ నాన్న చొక్కాకీ ఒకటే వాసన. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలేస్తుంది. అమ్మకి చదువు బైబిలు ఒక్కటే. నాకూ ఆ బైబిల్లోనే అక్షరాలు నేర్పింది. ఆ తర్వాత నా బడి, విశాఖపట్నం ఓడలో వచ్చిన బెల్లానికీ ఎండుమిరపకాయలకీ చుట్టిన తెలుగు పేపర్లు. కొట్టువాడు ఎక్కడ చింపితే అక్కడ వార్త ఆగిపోయేది. దొంగ దొరికాడో లేదో, మంత్రి రాజీనామా చేశాడో లేదో నాకు ఎన్నడూ తెలిసేది కాదు. సగం సగం చదివి పెరిగినవాణ్ణి కాబట్టే ఎవడైనా పూర్తిగా తెలిసినట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఇంట్లో కొబ్బరినూనె రాయని వస్తువు లేదు. తలకి సరే. తలుపు బందులకి, కత్తిపీటకి, కుట్టుమిషనుకి, నాన్న రంపానికి, కాలిన వేలికి, చెవిపోటుకి, మొలకెత్తని గింజకి కూడా అమ్మ కొబ్బరినూనె రాసేది. దీవుల్లో ఏది చూసినా తుప్పే కదా, గాలిలోనే ఉప్పు. నూనె రాసినది బతుకుతుంది, రాయనిది చస్తుంది అని అమ్మ సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని మేం పది ఆజ్ఞల తర్వాత పదకొండోదిగా నమ్మాం.

మా అన్నయ్య నాకంటే అయిదేళ్లు పెద్ద. పడవలకి రంగులు వేసేవాడు. ఒకసారి హార్బరులో ఆగిన ఓడ మీది నావికుడొకడు పాడైన ట్రాన్సిస్టరు తెస్తే నేను దాన్ని విప్పి బాగుచేశాను. రేడియో పని నాకు ఎవరూ నేర్పలేదు, చెడిపోయినవే నేర్పాయి. ఆ నావికుడి దగ్గర ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉండేది, తుఫానులో ఏదో మీద పడి ఒళ్లంతా నుజ్జయిపోయింది, మెడ, తల, ఆరు బిరడాలు మాత్రం బాగున్నాయి. ట్రాన్సిస్టరు బాగుచేసినందుకు ఆ మెడ నాకిచ్చిపోయాడు. నేను దాన్ని అన్నయ్యకి ఇచ్చాను. అంతకు ముందు అన్నయ్య ఒళ్లో నేనేదీ పెట్టి ఎరగను, ఆయన పాత చొక్కాలూ పాత చెప్పులూ నేను తొడుక్కోవడమే. అన్నయ్య ఆ మెడని నిమురుతూ కూర్చుని, "ఒరే ప్రకాశం, దీనికి ఒళ్లు మనం చేద్దాం," అన్నాడు.

పడౌక్ పలక నాన్న తెచ్చిపెట్టాడు, తెచ్చి, "దీంతో మంచం కోళ్లు చేసుకోండ్రా, మనవల దాకా ఉంటాయి. తీగల డబ్బా ఏటి, తీగల డబ్బా," అని రోజూ సణిగాడు. రోజూ సాయంత్రం టీ తాగి అన్నయ్య పెరట్లో గోనె మీద కూర్చుని ఉలితో చెక్కేవాడు, నేను పట్టుకునేవాణ్ణి. పడౌక్‌ని చెక్కడమంటే రాతిని బతిమాలడం. వానాకాలం మొత్తం పట్టింది. పూర్తయ్యాక అన్నయ్య దాన్ని మెడకి తగిలించుకుంటే మనిషి ముందుకి వంగిపోయాడు. అమ్మ చూసి, "మంచిదేరా, ఆ బరువుకి ప్రభువు ముందు ఎప్పుడూ వంగే ఉంటావు," అంది.

పికప్ నా వంతు. కాలిపోయిన టేబుల్ ఫ్యాను మోటారు లోంచి వెంట్రుకంత సన్నని రాగితీగ ఊడదీశాను, పగిలిన లౌడుస్పీకరు అయస్కాంతం ముక్కలు సర్దాను, వాటి చుట్టూ తీగని చేత్తో చుట్టడం. ఎన్ని చుట్లు వేస్తే అంత గట్టిగా మోగుతుందని విన్నాను. లెక్క తప్పకుండా వందకొక కందిగింజ పక్కన పెడుతూ వచ్చాం. మూడో రోజు అమ్మ కోడి వచ్చి లెక్క మొత్తం తినేసింది. "ఇప్పుడెన్నిరా?" అన్నాడు అన్నయ్య. "కోణ్ణడుగు," అన్నాను. ఆ నవ్వు నవ్వుతూనే మిగిలిన తీగంతా చుట్టేశాం. కాబట్టి ఆ పికప్‌లో ఎన్ని చుట్లున్నాయో ఎవడికీ తెలియదు. పాత గ్రామఫోనుకి ఊడదీసిన రేకు ముక్కలు రెండు కప్పి, మైనం పోసి మూసేశాం. పాత రేడియోకి తగిలించి అన్నయ్య మొదటి తీగ మీటితే హోప్ టౌన్ కుక్కలన్నీ లేచాయి.

ఇక అసలు సంగతి. ఆదివారాలు మేం పడవలో హార్బరు దాటి తెలుగు సంఘానికి వెళ్లేవాళ్లం. అక్కడ హార్మోనియం తిమోతి గారిది. అప్పటికి పాతికేళ్ల కుర్రాడు, దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా. పాస్టరు గారిని అడిగే అన్నయ్య గిటారు తీసుకెళ్లాడు, మొదటి కీర్తన బాగానే నడిచింది. తర్వాత పాస్టరు గారి ప్రార్థన. అది ఎప్పుడూ పొడుగే. అందరం కళ్లు మూసుకున్నాం. "ప్రభువా, ఈ ఉదయం నీవు మాతో మాట్లాడుము," అని ఆయన ఆగారు. ఆ నిశ్శబ్దంలో అన్నయ్య గిటారు వైరు గుచ్చిన పెట్టెలోంచి ఒక ఆడగొంతు హిందీలో సినిమా పాట అందుకుంది. నేను కట్టిన పికప్ రేడియో స్టేషనుని పట్టుకుంది. చుట్లని రేకుతో కప్పవలసినట్టు కప్పకపోతే స్టేషను అలా పడుతుందని నాకు అప్పుడు తెలియదు. పిల్లలు నవ్వారు, పెద్దవాళ్లలో కూడా ఇద్దరు నవ్వారు. అన్నయ్య వైరు పీకేసేలోపు తిమోతి గారు హార్మోనియం తిత్తి మూసి లేచి నిలబడ్డారు. "ఇది క్లబ్బు వాయిద్యం. ఇది మందిరంలో ఉంటే నేనుండను," అన్నారు. తప్పు నాది. నేను లేచి ఆ మాట చెప్పాలి. చెప్పలేదు. వచ్చే వారం పెద్దలు కూర్చుని, ఆ వాయిద్యం వదిలేదాకా యోహానుకి ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, చెయ్యి లేదని తీర్మానించారు. అన్నయ్య వదలలేదు. బల్ల ఆదివారం రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చినప్పుడల్లా అన్నయ్య ముందు నుంచి దాటిపోయేది. అమ్మ తన ముందుకి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని కూర్చునేది. ఆవిడకి ఎవరూ బల్ల ఆపలేదు, ఆవిడే ఆపుకుంది. అది చూసిన ఇన్నేళ్లకి కూడా రొట్టె పళ్లెం చూస్తే నాకు మొదట కోపమే వస్తుంది, తర్వాతే భక్తి.

పెళ్లయ్యాక అన్నయ్య వదినని తీసుకుని హట్‌బే వెళ్లిపోయాడు, దక్షిణంగా చిన్న అండమానుకి, ఓడలో ఒక పూట. జెట్టీ దగ్గర రంగులూ వలదారాలూ అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. అక్కడి తాటాకు మందిరంలో తెలుగువాళ్లూ బెంగాలీలూ రాంచీవాళ్లూ కలిసి పాడుతుంటే ఆ గిటారు వాయించేవాడు. రూతు నర్సు చదువుకి డైరీ ఫార్మ్‌లో మా ఇంటికి వచ్చింది. సునామీ వచ్చిన ఏడు క్రిస్మసుకి డ్యూటీ పడి ఊరెళ్లలేకపోయింది. పండగ మర్నాడు ఆదివారం పొద్దున్న ఇల్లు ఊగింది. తర్వాత నీళ్లు లోతట్టు వీధుల్లోకి ఎక్కి, వెనక్కి పోయి, మళ్లీ ఎక్కాయి. ఆ తర్వాత దక్షిణం నుంచి ఒక్క ఫోను లేదు.

జెట్టీకి వచ్చిన ప్రతి ఓడకీ నేనూ రూతూ వెళ్లాం. గేటు దగ్గర ఒక గుమస్తా జాబితా చదివేవాడు, పేర్లన్నీ తప్పుగా. యోహాను అన్న పేరుని ఎన్ని రకాలుగా తప్పు పలకవచ్చో అన్ని రకాలకీ చెవులు రిక్కించి నిలబడ్డాం. ఆ గుమస్తా మీద ఉన్న కోపం కూడా నాకు ఇంకా తీరలేదు. ఎవరిదో మగచొక్కా తొడుక్కుని వదిన మూడో ఓడలో దిగింది. కొండ మీదికి పరిగెత్తుతూ అన్నయ్య, పక్కింటి ముసలమ్మని తెస్తానని వెనక్కి వెళ్లాడట. అంతే చెప్పింది. ఆ తర్వాత రెండు వారాలకి అన్నయ్య కొట్టు పక్కన చేపలమ్మే బెంగాలీ ఒకాయన ఓడ దిగి, గోనెలో చుట్టిన గిటారు నా చేతిలో పెట్టాడు. "దాదా కా హై. నారియల్ బగాన్ మే ఫంసా థా," అన్నాడు. అన్నయ్యదేనట, కొబ్బరితోటలో రెండు చెట్ల మధ్య ఇరుక్కుని దొరికిందట. అన్నయ్య దొరకలేదు.

సముద్రంలో పడిన యంత్రాన్ని ముందు మంచినీళ్లలో కడగాలని ఈ దీవుల్లో పడవవాళ్లందరికీ తెలుసు. కాని ఆ రోజుల్లో మంచినీళ్లెక్కడివి? ట్యాంకరు వస్తే ఇంటికి రెండు బకెట్లు. ఆ రెండు బకెట్లతో నేను గిటారు కడిగాను. నా భార్య చూసి నోరు తెరవబోయింది. వదిన ఆపింది. "కడగనియ్యమ్మా," అంది. నాతో, "కడుగు బాబూ. మీ అన్నయ్యని కడగడానికి దొరకలేదు కదా," అంది. కడిగాను. ఆరబెట్టి, అమ్మ చెప్పినట్టే సీసా మొత్తం కొబ్బరినూనె పట్టించాను. కర్రకి, రేకుకి, బిరడాల సందుల్లోకి, ఒళ్లు రుద్దినట్టు. తర్వాత గోడకి తగిలించాను. కొన్ని నెలలకి చూస్తే బిరడాలు తిరగడం లేదు, పికప్ మోగడం లేదు. ఉప్పు తినేసిందని అందరికీ చెప్పాను. ఏటేటా ఆ రోజున సునామీ స్మారకం దగ్గర కొవ్వొత్తులు పట్టుకుని వచ్చే పెద్దమనుషులకి కూడా అదే చెప్పాను. వాళ్లు తలలూపారు. ఇళ్లు పోయినవాళ్లకి కట్టిన రేకుల షెడ్లలో మనుషులు ఎండకి ఉడికిపోతుంటే ఒక్కసారి తొంగిచూడని తలలు అవి.

పొట్లం వదిలేసి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం రూతు మళ్లీ వచ్చింది. చేతిలో సన్నని స్క్రూడ్రైవరు. "ఒక్క బిరడా మూత విప్పుతాను చిన్నాన్నా. కన్నం పెట్టను, చెక్క ముట్టుకోను. ఎందుకు తిరగట్లేదో చూద్దాం, బస్."

"సముద్రం తినేసింది. చూసేదేటుంది?"

"డాక్టరు కూడా చచ్చినోడికి కాగితం రాసేముందు ఒకసారి చూస్తాడు."

"మీ నాన్నని ఈ ఊరు వెళ్లగొట్టింది. సముద్రంలోకి తోసింది ఆ బల్ల దగ్గర కూర్చున్న పెద్దలు. ఇప్పుడు వాళ్ల ప్రతిష్ఠకి వాయిస్తావా నువ్వు? సిగ్గులేదూ?"

రూతు స్క్రూడ్రైవరు కింద పెట్టింది. అది కోప్పడడం నేను ఎక్కువగా చూడలేదు, వాళ్లమ్మ పోలిక. "నాన్న ఆ మాట ఎప్పుడైనా అన్నాడా? నాకు చెప్పు. కభీ బోలా? హట్‌బేలో చేపలు బాగున్నాయని వెళ్లాడు, ఇల్లు పెద్దదని వెళ్లాడు. ఆ రేడియో పాట కథ చెప్పి చెప్పి నవ్వేవాడు, తిమోతి అంకుల్ మొహం పెట్టి చూపించేవాడు. కోపం నీది చిన్నాన్నా. నాన్నది కాదు. నాన్నది గిటారు ఒక్కటే."

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి, ఏది ముందు చెప్పాలా అని ఏరుకుంటున్నాను. ఆ సందులో అది మూత విప్పేసింది. లోపల ఇసుక ఉంటుందనుకున్నాను. ఉప్పు పెళ్లలుంటాయనుకున్నాను. ఆకుపచ్చటి మైనం లాంటి ముద్ద ఒకటి ఉంది, ఇత్తడి పళ్లచక్రం అందులో కూరుకుపోయింది, ముద్దలో చీమల కాళ్లు. రూతు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నాకిచ్చింది. పాడైన కొబ్బరినూనె వాసన. ఇత్తడిని కొబ్బరినూనె అలా తింటుందని రేడియో పనివాణ్ణి నాకు తెలుసు. ఎన్ని స్విచ్చుల్లో చూశాను ఆ ఆకుపచ్చ, ఎంతమంది కొట్టువాళ్లని, నూనె పొయ్యొద్దు మొర్రో అని తిట్టాను. మిగిలిన అయిదూ నేనే విప్పాను. అన్నిట్లోనూ అదే. సముద్రం ఆ బిరడాల జోలికే వెళ్లలేదు.

"చిన్నాన్నా," అంది రూతు, నవ్వు ఆపుకోలేక, కళ్లు తుడుచుకుంటూ. "ఇది సునామీ కాదు. ఇది నువ్వే."

కిరసనాయిల్లో రెండు రోజులు నానేశాం. రెండు బిరడాలు తిరిగాయి. నాలుగింటి పళ్లు చేతిలోకి ఊడివచ్చాయి. పికప్ పాపం మాత్రం నిజంగా ఉప్పుదే. మైనం గీకి చూస్తే రాగితీగ పొడిపొడిగా రాలింది. మళ్లీ చుడదామంటే నా కళ్లకి ఆ తీగ కనబడనే కనబడదు. రూతు చుడతానంది. నేనే వద్దన్నాను, కోడి తిన్న లెక్క ఎవరికి తెలుసని? ఇక ఉన్నవి రెండే దారులు. గిటారు గోడ మీది నుంచి బీరువాలోకి పోవడం, లేదా కన్నాలు పెద్దవి కావడం. మూడు రోజుల పాటు నా మీద నాకున్న కోపాన్ని కంచాల మీద, పేపరు మీద, కుక్కర్ విజిల్ మీద చూపించాను.

నాలుగో రోజు తిమోతి గారు గిటారు తీసుకెళ్లడానికి ఆటోలో వచ్చారు. నేను ఆయన్ని కూర్చోబెట్టి కిరసనాయిలు పళ్లెం ఆయన ముందు పెట్టి, ఆకుపచ్చ ముద్ద చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. "మీ సాక్ష్యం ఇదండీ. నా కొబ్బరినూనె. పలక మీద అది చెక్కించుకోండి."

ఆయన పళ్లెం పక్కకి జరిపారు. "తుప్పే సాక్ష్యం అన్న మాట నాది కాదు, ప్రకాశం. నీది. సునామీ అయిన మరుసటేడు జ్ఞాపకార్థ కూడికలో నువ్వే నిలబడి అన్నావు. నా బైబిలు వెనక పేజీలో రాసుకున్నాను."

అన్నానేమో. కోపంలో మనిషి గొప్ప మాటలంటాడు. ఆ మాటలు పట్టుకుని ఇంకొకడు బీరువా చేయిస్తాడు.

"ఇంకో మాట," అన్నారాయన. "ఆ రోజు నేను క్లబ్బు వాయిద్యం అన్నానే. అది పాపమని కాదు. మొదటి కీర్తనలో నా హార్మోనియం ఎవరికీ వినబడలేదు. నాకే వినబడలేదు. భయమేసింది. పాతికేళ్లు మరి."

ఇక్కడ ఆయన్ని క్షమించానని రాస్తే ఈ కథ చక్కగా ఉంటుంది. రాయను. క్షమించలేదు. అమ్మ చేతులు కట్టుకుని కూర్చున్న ఆదివారాలు ఒకరి భయం చెప్పినంత మాత్రాన వెనక్కి రావు. కాని ఆ రోజు పికప్ తప్పు నాదని లేచి చెప్పని నోరు నాకూ ఒకటుంది, దాన్నీ క్షమించలేదు. కాబట్టి మేమిద్దరం ఒకే బెంచీ మీద ఉన్నాం. టీ పెట్టాను. ఈసారి తాగారు.

"బీరువా తయారైపోయింది మరి," అన్నారు లేస్తూ.

"చెప్పులు పెట్టుకోండి. వాకిట్లోనే కదా."

ఆయన నవ్వారు. చేతికర్ర మీద ఊగుతూ, దగ్గుతూ, మెట్ల దాకా నవ్వారు.

ఆ సాయంత్రమే రూతుని పిలిచి పని మొదలుపెట్టాను. డ్రిల్లు నేనే పట్టాను. చెడగొట్టిన చేతులే చెయ్యాలి. బిరడాల కన్నాలు ఆరూ అరగంటలో అయిపోయాయి. పికప్ గాడి దగ్గరే ఆగాను. రేకు తీస్తే కింద అన్నయ్య ఉలి దెబ్బలు ఉన్నాయి, అన్నీ ఒకే వైపుకి వాలి, ఆయన అక్షరాల్లాగా. కొత్త ముక్క పట్టాలంటే కుడిపక్క వరస మొత్తం పోవాలి. "ఫొటో తియ్యనా?" అంది రూతు. వద్దన్నాను. ఇప్పుడు ప్రతిదానికీ ఫొటో ఉంది, ఉన్న వస్తువుని ఎవడూ చూడడు. ఆ దెబ్బల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ తడిమాను. తర్వాత కోసేశాను. మేం ఆ రోజుల్లో వానాకాలమంతా కష్టపడి చేసిన దాన్ని, పొట్లంలో వచ్చిన ముక్క కోసం పావుగంటలో కోసేశాను. అప్పటి మనుషులు గొప్పవాళ్లూ ఇప్పటివాళ్లు కాదూ అని చెప్పడానికి ఈ మాట రాయడం లేదు. మాకు పొట్లం వచ్చి ఉంటే మేం కూడా విప్పేవాళ్లం, ఎగిరి గంతేసేవాళ్లం. రాలేదు, అందుకని చెక్కాం.

టంకం పొగ తగ్గాక రూతు తీగలు బిగించి, వైరు గుచ్చి, మంచం అంచున కూర్చుంది. నేను కళ్లు మూసుకున్నాను. గరగర వస్తుందని, ఏ స్టేషనో పలుకుతుందని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. రూతు మీటింది. శుభ్రమైన, గుండ్రటి, పొడుగాటి శబ్దం, ఆ ఎర్ర కర్ర లోపల నుంచి లేచి గది నిండింది. ఇన్నేళ్లూ ఆ కర్రలో ఇది ఉందని మాకు తెలియదు. నా చేతిపని దాన్ని బయటికి రానివ్వలేదు. అన్నయ్య ఆ గరగరలోనే జీవితమంతా వాయించాడు.

"నాన్నలా ఉందా చిన్నాన్నా?"

"లేదు," అన్నాను. "మీ నాన్నకి ఇది ఎప్పుడూ ఇంత బాగా మోగలేదు."

అంటుంటేనే కోపం వచ్చింది. ఇరవయ్యేళ్లలో అందరి మీదా వచ్చింది, సంఘం మీద, సముద్రం మీద, జాబితా చదివిన గుమస్తా మీద, కొవ్వొత్తుల పెద్దమనుషుల మీద. అన్నయ్య మీద మాత్రం ఎన్నడూ రానివ్వలేదు. కొండ సగం ఎక్కినవాడు, భార్య చెయ్యి పట్టుకుని ఉన్నవాడు, వెనక్కి ఎందుకు వెళ్లావురా? ఆ ముసలమ్మా దక్కలేదు, నువ్వూ దక్కలేదు. ఇక్కడ కూర్చుని ఇది వినాల్సినవాడివి కదా. పైకే అనేశానేమో, రూతు చెయ్యి తీగల మీద ఆగిపోయింది.

"ఏమైంది? ఆపేయనా?"

"ఆపితే చంపేస్తాను," అన్నాను. "వాయించు."